ఒంటిచేతి కడవ

గోవిందయ్య కుండల్ని చూసి ఎవరన్నా "బాగున్నాయి" అంటే ఆయనకు ఒళ్ళు మండేది.

"బాగుండడానికి అదేమన్నా బొమ్మా? నీళ్ళు పోసి చూసినావా? వంచి చూసినావా? చూడకుండా బాగుందని ఎట్ల అంటావు?" అని కొనడానికి వచ్చినవాడి మీదికే లేచేవాడు. మార్కాపురం సంతలో బేరమాడినందుకు అరిచే కుమ్మర్లు చాలామంది ఉన్నారు గాని, మెచ్చుకున్నందుకు అరిచేవాడు ఈయనొక్కడే.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, కర్నూలు జిల్లా మద్రాసు గవర్నరు ఏలుబడిలో ఉన్న రోజుల మాట ఇది. గిద్దలూరు దుకాణాల్లో సత్తుగిన్నెలు అప్పుడప్పుడే తళతళలాడుతున్నాయి. అయినా గుండ్లకమ్మ ఒడ్డున ఎర్రగుంటపాలెంలో అన్నం ఉడికేది మట్టికుండలోనే, నీళ్ళు చల్లబడేది మట్టి కడవలోనే. ఆ కుండలూ కడవలూ అన్నీ గోవిందయ్య సారె మీద తిరిగి వచ్చినవే.

ఆయనకు పనిమీద కొన్ని పట్టుదలలు ఉండేవి. మజ్జిగ ముంత వంచితే చివరి చుక్క మళ్ళీ ముంతలోకే పోవాలి గాని, బయటి గోడ పట్టుకుని కారకూడదు. కూరచట్టికి లోపల మూల అన్నదే ఉండకూడదు. మూలుంటే గరిటె అందదు, గరిటె అందకపోతే అడుగంటుతుంది, అడుగంటితే ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు మాటా మాటా పెరుగుతుంది. "నా చట్టి మూలంగా ఒక కొంపలో తగువొచ్చిందంటే ఆ పాపం నాదే" అనేవాడు, నిజంగానే నమ్మి.

అన్నిటికంటే పెద్ద పట్టుదల ఇంకొకటి. కొత్త రూపుది ఏది చేసినా మొదటిదాన్ని అమ్మేది లేదు. అది ఇల్లు దాటకూడదు. ఆయన భార్య శ్రీశైలమ్మ దాంట్లో వండాలి, దాంతో వంచాలి, దాన్ని తోమాలి, ఏటికి తీసుకుపోయి నీళ్ళు మొయ్యాలి. అంతా అయ్యాక "పర్లేదు" అనాలి. శ్రీశైలమ్మ నోట అంతకు మించిన మెప్పు ఎవరూ విని ఎరగరు. ఆమె పర్లేదు అన్నాకే ఆ రూపు సంతకు పోయేది.

"నేను వాడి చూడంది అమ్మను" అని గోవిందయ్య సంతలో రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. వాడింది ఆమె, చూసింది ఆయన, చెప్పుకునేటప్పుడు మాత్రం రెండూ ఆయనవే. మగవాళ్ళ లెక్కలు ఇట్లాగే ఉంటాయి, మనం పట్టించుకుంటే పొద్దు పోదు.

ఆ ఏడు శివరాత్రికి శ్రీశైలం పోయే యాత్రికులకు అమ్ముదామని మొగుడూ పెళ్ళాలు బండినిండా కూజాలు వేసుకుని పెద్దదోర్నాలకు బయలుదేరారు. దారిలో చక్రం గోతిలో పడి బండి ఒరిగింది. పైనున్న కూజా ఒకటి దొర్లింది. ఇంకెవరైనా అయితే బండి కర్రను పట్టుకునేవాళ్ళు. శ్రీశైలమ్మ కుమ్మరి బిడ్డ, కుమ్మరి పెళ్ళాం. ఆమె రెండు చేతులా కూజాను పట్టుకుని, కూజాతో పాటు కింద పడింది.

పడ్డది పడ్డట్టే లేచి కూర్చుని, "పగిలిందా?" అని అడిగింది.

గోవిందయ్య కూజాను అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి, మోత విని, "లేదు" అన్నాడు.

ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు. చూడాల్సింది కూజాను కాదు, చేతిని అని, బండి మళ్ళీ కదిలి చాలా దూరం పోయాక గాని ఆ మహానుభావులకు తట్టలేదు. అప్పటికి కుడి మణికట్టు బూరెలా పొంగింది.

ఎముకలు కట్టే మల్లయ్య వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో గరిటె తిప్పగలదు, ముగ్గు వెయ్యగలదు. కడవ మెడ మాత్రం పట్టలేదు. పట్టుకుంటే వేళ్ళు వాటంతట అవే విడిపోయేవి.

కడవ ఎత్తలేకపోతే ఏమైంది, నీళ్ళు ఎవరో ఒకరు తెస్తారు అనుకుంటే మీకు ఎర్రగుంటపాలెం తెలియదన్నమాట. ఎండాకాలం వస్తే గుండ్లకమ్మలో ఉండేది ఇసుకే. ఇసుకలో గుంట తవ్వితే చెలమ ఊరుతుంది. ఊరేదాకా పక్కన కూర్చోవాలి. కూర్చుంటే మాటలు. ఎవరి కోడలు అలిగింది, ఎవరి ఆవు ఈనింది, ఎవరి మొగుడు గిద్దలూరు పోయి ఏం చేసి వచ్చాడు, అన్నీ అక్కడే తేలాలి. ఆ కచేరీకి పెద్ద శ్రీశైలమ్మ. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఒక్క పూట తప్పనిది, ఇప్పుడు గడప దగ్గర కూర్చుని, ఏటి నుంచి వచ్చేవాళ్ళ మొహాలు చూసి అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఊహించుకోవాల్సి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఇంట్లో నవ్వు వినబడడం మానేసింది.

కూతుళ్ళు ముగ్గురూ అత్తారిళ్ళలో ఉన్నారు. నీళ్ళు తెచ్చేది తోడికోడలు ఆదిలక్ష్మమ్మ, గోవిందయ్య తమ్ముడి భార్య. మంచిదే. కానీ కడవ దించిన ప్రతిసారీ నడుం పట్టుకుని, "పాపం అక్కా, ఇంక నువ్వు ఏటికేం వస్తావులే" అని కిసుక్కున నవ్వేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

"నేను కావడేసుకొని తెస్తాలేవే" అన్నాడు గోవిందయ్య ఒకనాడు.

"నువ్వు కావడేసుకొని పోతే నీళ్ళొస్తాయి. నేనెట్ల పోయేది ఏటికి?" అంది శ్రీశైలమ్మ. "ఉత్త చేతులతో పోయి కూచోమంటావా, దిక్కులేనిదాని మాదిరి?"

ఆ మాట గోవిందయ్యకు గుచ్చుకుంది. తాలూకా అంతటికీ కుండలు చేసేవాణ్ణి, నా పెళ్ళాం ఎత్తుకోగల కడవ చెయ్యలేనా అనుకున్నాడు. అనుకున్నంత సేపు పట్టలేదు, పౌరుషం వచ్చేసింది.

గిద్దలూరు బంగళాకు కూజాలు ఇవ్వడానికి పోయినప్పుడు దొర చేతులు కడుక్కునే జగ్గును చూశాడు. దానికి పక్కన చెవిలాగా ఒక పిడి. అదే కావాల్సింది అని కడవకు అట్లాంటి పిడి అతికించి, ఆవంలో కాల్చి తెచ్చి ఇచ్చాడు. శ్రీశైలమ్మ పెరట్లోనే నీళ్ళు పోసి ఎడమచేత్తో ఎత్తింది. పిడి ఆమె చేతిలో ఉంది, కడవ ఆమె కాళ్ళ మీద పడి పగిలింది. జగ్గెడు నీళ్ళు మొయ్యడానికి చేసిన చెవి కడవెడు నీళ్ళు మోస్తుందా?

రెండోసారి కడవనే చిన్నది చేశాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఆడపిల్లలు బొమ్మల పెండ్లి చేస్తాండారా? దీంట్లో తెస్తే నీ మొగానికి సరిపోతాయి, కాళ్ళకు మళ్ళీ పోవాల" అంది.

గోవిందయ్య సారె ముందు కూర్చుని తల గోక్కున్నాడు. "అసలు కడవ నేల మీద నుంచి నడుమెక్కేది ఎట్లనే? చూపించు" అన్నాడు.

"చెయ్యుంటే చూపిద్దును" అంది ఆమె లోపలి నుంచి.

అప్పుడు తట్టింది ఆయనకు. ఇన్నేళ్ళుగా వేలకు వేలు కడవలు చేశాడు. ఒక్కటంటే ఒక్కటి నడుమున పెట్టుకుని ఎరగడు. మగవాడు కావడి మోస్తాడు, తలమీద మోస్తాడు, భుజాన మోస్తాడు. నడుమున మోసేది ఆడవాళ్ళు. కడవకు మెడ ఎంతుండాలో, పొట్ట ఎంతుండాలో తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు. ఆ తాత గాని తండ్రి గాని ఎన్నడైనా కడవ చంకన పెట్టారా? లేదు.

సరే, ఇప్పుడు పెట్టాలి.

ఎవరూ ఉండరని మిట్టమధ్యాహ్నం ఎంచుకున్నాడు. కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకుని, ఎడమచేత్తో కడవ పట్టుకుని ఏట్లోకి దిగాడు. దిగితే ఏముంది, ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు చెలమల దగ్గర బట్టలుతుకుతున్నారు. మధ్యలో రెడ్ల ఇంటి పెద్దావిడ కృష్ణవేణమ్మ.

"ఏం గోవిందూ, నీళ్ళకొచ్చినావా? కోక కట్టుకోకుండానే వచ్చినావే!" అందామె.

గోవిందయ్య పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. వచ్చినవాడు వెనక్కి పోతాడా? చెలమ దగ్గర కూర్చుని ముంతతో తోడి కడవ నింపాడు. మెడ కింద వేళ్ళు వేసి లేపాడు. తడిసిన అంచు నున్నగా ఉంది, వేళ్ళు జారాయి. రెండోసారి మోకాలి పైకి ఎక్కించాడు. అడుగు గుండ్రం కదా, కడవ తొడమీద బంతిలాగా దొర్లి ఇసుకలో కూర్చుంది. మూడోసారి ఎట్లాగో నడుం దాకా తెచ్చాడు. తెచ్చాక తెలిసింది, గుండ్రటి కడవ, గుండ్రటి ఒళ్ళు, రెండూ ఒకదానికొకటి తగిలేది ఒక్కచోటే. మిగతా బరువంతా చెయ్యి మొయ్యాల్సిందే.

"నడుం తిప్పు బావా, నడుం! గుంజలాగ నిలబడితే ఎట్ల నిలుస్తది?" అని అరిచింది ఆదిలక్ష్మమ్మ. మరిదిని కాదు, బావను ఎగతాళి చేసే అదృష్టం ఎన్నాళ్ళకో గాని రాదు.

ఆయన తిప్పాడు. అది తిరిగే రకం నడుం కాదు. ఉతుకుతున్న బట్టలు ఉతుకుతున్నట్టే ఆగిపోయాయి. నవ్వలేక కృష్ణవేణమ్మ ఇసుకలో కూలబడింది. గోవిందయ్య సగం నీళ్ళు పంచె మీద, సగం కడవలో పెట్టుకుని, పక్కటెముకలు కమిలిపోగా, ఏటి గట్టెక్కాడు. ఎక్కుతూ ఒక్కటే అనుకున్నాడు. దీన్నా నేను ఇన్నాళ్ళు చేసింది?

ఇంటికి చేరేసరికి ఆయనకంటే ముందు వార్త చేరింది. శ్రీశైలమ్మ గడపలో నిలబడి ఉంది. పెదవులు బిగబట్టి ఉన్నాయి.

"నువ్వు నడుం తిప్పినావంట గదా?" అంది.

"తిప్పినా" అన్నాడు ఆయన, నీళ్ళోడుతూ.

"ఏదీ, ఇంకోసారి తిప్పు!"

అంతే. ఇక ఆపుకోలేకపోయింది. గడప పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేట్టు నవ్వింది. శివరాత్రి తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. గోవిందయ్యకు కోపం రావాల్సింది, సంతోషం వచ్చింది. తడిపంచెతోనే నిలబడి ఆయన కూడా నవ్వాడు.

మర్నాటి నుంచి పని మొదలైంది. అంచును బయటికి మలిచి, కింద నాలుగు వేళ్ళు కొక్కెంలా పట్టేట్టు సందు వదిలాడు. అడుగును చెక్కతో తట్టి కొంచెం బల్లపరుపు చేశాడు, తొడమీద పెడితే నిలబడేటట్టు. తండ్రి చూసి ఉంటే, "కడవకు అడుగు బల్లపరుపేందిరా, అదేమన్నా పీటనా?" అని అదే చెక్కతో వీపున వేసేవాడు. తండ్రి లేడు కాబట్టి సరిపోయింది.

మిగిలింది పొట్ట. నడుముకు ఆనుకునే చోట నొక్కు పడాలి. ఎంత నొక్కు, ఏ ఎత్తులో? చేత్తో నొక్కి చూశాడు, చెంబుతో నొక్కి చూశాడు. ఏదీ నడుములాగా రాలేదు. చివరికి, చెక్కతో తట్టి ఆరీ ఆరని కడవను రెండు చేతులా ఎత్తుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏమే, ఇట్ల వచ్చి నిలబడు."

"ఎందుకు?"

"నిలబడవే. ఏట్లో నిలబడినట్టు నిలబడు."

శ్రీశైలమ్మ పొయ్యి వదిలేసి వచ్చింది. ఏమీ అర్థం కాకపోయినా ఎడమ నడుం కాస్త పక్కకు పెట్టి, అలవాటైన తీరులో నిలబడింది. గోవిందయ్య మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చి కడవను ఆమె నడుముకు ఆనించి, మెల్లగా, ఊపిరి బిగబట్టి ఒత్తాడు. మట్టి లోపలికి లొంగింది. తీసి చూస్తే కడవ పొట్టమీద ఆమె నడుం వంపు అచ్చుపడి ఉంది. ఆమె చీర మీద ఎర్రటి మట్టి గుండ్రంగా అంటుకుంది.

"నా కోక!" అంది శ్రీశైలమ్మ. కానీ కదల్లేదు. "ఇంకొంచెం కిందికి ఉండాల. తుంటెముక కూర్చునే కాడ" అంది.

రెండో కడవను అక్కడ ఒత్తాడు. ఆ పూట కూర మాడింది. గుండ్రటి చట్టి చేసినా మూలల్లేకుండా చేసినా, పొయ్యి దగ్గర మనిషి లేకపోతే అడుగంటి తీరుతుంది. తగువు మాత్రం రాలేదు.

ఆవం పేర్చి కాల్చారు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఏడాది కష్టం దుడ్డుకర్ర ఒక్క దెబ్బకు పోవచ్చు. ఆ భయం గోవిందయ్యకు అంతకుముందు ఎన్నడూ అంతగా కలగలేదు. బూడిద తోసి తీస్తే కడవ చెక్కుచెదరకుండా వచ్చింది. వేలితో కొడితే గంటలాగా మోగింది.

శ్రీశైలమ్మ దాన్ని నడుమున పెట్టుకుని, తెల్లవారగానే ఏటికి బయలుదేరింది. "నేనూ రానా?" అన్నాడు గోవిందయ్య. "నీ కచేరీ మొన్న అయిపోయిందిలే" అని ఆమె వెనక్కి చూడకుండా పోయింది.

ఆయన సారె దగ్గర కూర్చున్నాడు. ఒక కడవ చేశాడు. చెక్క తీసుకుని తట్టాడు. తడుతూ దారివంక చూశాడు. అందరూ వస్తున్నారు, కృష్ణవేణమ్మ పోయింది, ఆదిలక్ష్మమ్మ ఎందుకో ఈవైపు చూడకుండా తల వంచుకుని పోయింది. శ్రీశైలమ్మ రాలేదు. ఎత్తలేకపోయిందేమో. అందరి ముందూ ఇసుకలో జారవిడిచిందేమో. ఏటికి పంపకుండా పెరట్లో చూడాల్సింది కదా అని తన తల తాను మొట్టుకున్నాడు.

చివరికి వచ్చింది. నడుమున కడవ లేదు. రెండు చేతులూ ఖాళీ.

గోవిందయ్య "పగి..." అనబోయాడు. దోర్నాల దారి గుర్తొచ్చింది. నోరు మూసుకుని, లేచి ఎదురుపోయి, ఆమె కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"చెయ్యెట్లుంది?" అన్నాడు.

శ్రీశైలమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఎన్నడూ అడగని మాట విన్నదానిలాగా చూసింది.

"చెయ్యికేం కాలేదు. కడవకూ ఏం కాలేదు" అంది. "ఎత్తినా. వేళ్ళు పట్టినాయి, తొడమీద నిలబడింది, నడుమున కూచుంది. నా పాటికి నేను గట్టెక్కినా. మీ మరదలు నోరు తెరిచింది మూయలేదు."

"మరి కడవేదే?"

"యేసుమణికిచ్చినా."

యేసుమణి ఊరవతలి పల్లెలో క్రైస్తవుల ఇంటి కోడలు, కూలిపనికి పోయేది. వాళ్ళ చెలమ కొంచెం దిగువన, వేరే. ఒకరి కడవ ఒకరు ముట్టుకునే రోజులు కావు అవి. మాటలు మాత్రం ఇసుక మీదుగా అటూ ఇటూ పోతుండేవి.

"గట్టెక్కి వెనక్కి చూస్తిని," అంది శ్రీశైలమ్మ. "ఆ పిల్ల కడవ నింపుకొని, ఎవరన్నా నడుమెక్కిస్తారేమోనని చూస్తాంది. వాళ్ళోళ్ళంతా కూలికి పోయినారు, మనోళ్ళు ముట్టుకోరు. దిగిపోయి నీళ్ళు పారబోసి, ఇది నింపి ఎత్తిచూడు అంటిని. 'అమ్మో, నేను ముడితే నువ్వు మళ్ళీ తీసుకోవు గదమ్మా' అనె. తీసుకోను, అందుకే ఇస్తాండా అంటిని. ఎత్తింది. ఒక్క ఊపున ఎత్తింది!"

"మొదటిది ఇల్లు దాటగూడదు గదే" అన్నాడు గోవిందయ్య, కోపంగా కాదు, అయోమయంగా. "అయినా ఆ పిల్ల చెయ్యికేమైంది?"

"చెయ్యికేమీ కాలేదు. చంకలో పిల్లోడున్నాడు."

గోవిందయ్యకు వెంటనే అర్థం కాలేదు.

"పిల్లోడు చంకలో ఉంటే ఆడదానికి మిగిలేది ఒక చెయ్యే గదయ్యా" అంది ఆమె. "నాకు ముగ్గురు. ఒకరు దిగితే ఒకరు ఎక్కినారు. అన్నేండ్లు నీ కడవలు నేను మోసింది ఒంటిచేత్తోనే."

"మరి చెప్పలేదేందే?" అన్నాడు ఆయన.

"నువ్వడిగితివా? కారుతాందా, నీళ్ళు చల్లగుండాయా, పగుళ్ళేమన్నా వచ్చినాయా, ఇవేగా నువ్వడిగింది. కడవ ఎట్లుందని అడిగితివి. నాకెట్లుందని ఎప్పుడన్నా అడిగితివా?" అంది. మాటలో నిష్ఠూరం లేదు. నవ్వుతూనే అంది. అందుకే ఆయనకు మరీ తగిలింది.

గోవిందయ్య తల వంచుకుని, ఆమె వంకర మణికట్టును బొటనవేలితో మెల్లగా నిమిరాడు. అరచేతి మట్టి ఆమె చేతికంతా అంటింది. పొరపాటున కళ్ళు తుడుచుకున్నాడు, మొహానికీ అంటింది.

"అయితే పర్లేదంటావా?" అన్నాడు చివరికి.

"పర్లేదు అనను" అంది శ్రీశైలమ్మ. "నింపి చూసినా, ఎత్తి చూసినా, మోసి చూసినా, ఇచ్చి కూడా చూసినా. బాగుందయ్యా."

ఆ మాటకు గోవిందయ్య ఎవరి మీదికీ లేవలేదు. సారె దగ్గరికి పోయి, ఇందాక తట్టిపెట్టిన పచ్చి కడవను బిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకుని వచ్చాడు.

"రా, నిలబడు. ఊళ్ళో పిల్లల తల్లులు ఎందరున్నారో అన్ని చెయ్యాల."

శ్రీశైలమ్మ నడుం పక్కకు పెట్టి నిలబడింది. "ఊరందరి కడవలకూ నా నడుమేనా?" అంది.

"ఇంకొకరిది కొలిచి రమ్మంటావా?" అన్నాడు గోవిందయ్య, మోకాళ్ళ మీద కూర్చుని.

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు నడుం అదిరి, కడవకు నొక్కు కావాల్సినదానికంటే కొంచెం లోతుగా పడింది. గోవిందయ్య దాన్ని సరిచెయ్యలేదు.